ఉప్పు వేయకముందు

"ఉప్పు లేని కూర ఏమన్న ఉన్నదా?"

అక్షిత గరిటె ఆపి తలెత్తింది. కౌంటర్ అవతల హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, బైక్ షోరూమ్ వాళ్ల నీలం చొక్కాలో ఒకబ్బాయి నిలబడి ఉన్నాడు. సూర్యాపేట బస్టాండ్ వెనక సందులో సాయంత్రం పూట కర్రీ పాయింట్ అంటే మాటలు కాదు. అతని వెనక జనం తోసుకుంటున్నారు.

"ఏంటండీ?"

"ఉప్పు లేని కూర. పప్పయినా మంచిదే."

"మా కూరల్లో ఉప్పెక్కువైందని చెప్పడానికి ఇంత వెటకారం అక్కర్లేదండీ. నేరుగా చెప్పొచ్చు."

"వెటకారం కాదు. నిజంగనే అడుగుతున్న."

"ఉప్పు లేకుండా కూర ఎవరైనా అమ్ముతారా?"

"లేకుంటే లేదనుండ్రి. గింత కోపమెందుకు?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "తమ్మీ, గీడ కూర లేని ఉప్పు దొరుకుతది, తీస్కపో!"

అందరూ గొల్లున నవ్వారు. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ కొనకుండానే బండెక్కి వెళ్లిపోయాడు.

అక్షిత కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ ముఖమే గుర్తొచ్చింది. వెటకారం చేసేవాడు అలా చెవులు ఎర్రబడేలా సిగ్గుపడడు. మరి ఉప్పు లేని కూర ఎవరు తింటారు?

"అమ్మా, ఉప్పు లేకుండా తినాలని ఎవరికైనా అనిపిస్తుందా?"

"అనిపించదు. డాక్టర్లు తినమంటారు" అంది దుర్గమ్మ. భర్త పోయాక కోదాడ నుంచి కూతుర్ని తీసుకుని వచ్చి ఈ షాపు పెట్టిన మనిషి ఆమె. జవాబులు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి.

రెండ్రోజుల తర్వాత వానలో అతను మళ్లీ వచ్చాడు. జనం లేరు. ఈసారి అక్షితే ముందు అడిగింది.

"ఎవరికండీ ఆ చప్పిడి కూర?"

"మా నాయినకు." అతను తల తుడుచుకున్నాడు. "కిడ్నీలు సగమే పని చేస్తున్నయట. డయాలసిస్ దాకా పోవొద్దంటే తిండి జాగ్రత్త అన్నరు. ఉప్పు బంద్, చింతపండు బంద్, పచ్చళ్లు బంద్. ఆకుకూరలు, టమాట, కొబ్బరినీళ్లు గూడ వద్దన్నరు."

"అమ్మో! ఇంకేం మిగిలింది?"

"గదే నా పరేషాన్. అమ్మ లేదు. వండుడు నేనే. నాకు వచ్చింది అన్నం ఒక్కటే. ఆన్‌లైన్ల ఏందో పౌడర్లు, బిస్కట్లు తెప్పిచ్చిన. సగం జీతం గాటికే పోయింది. ఆయన మూత గూడ తియ్యలే."

"బజార్లో సోడియం తగ్గించిన ఉప్పు దొరుకుద్దిగా?"

"నేను గూడ అదే అడిగిన. దవాఖానల డైటీషియన్ మేడమ్ తిట్టింది. దాంట్ల పొటాషియం ఉంటదట, కిడ్నీకి ఇంకా డేంజరట."

అక్షిత కళ్లు పెద్దవయ్యాయి. ఉప్పు లోపల ఇంత సంగతి ఉందా? ఆమెకు బీకాంలో కూడా ఏ సబ్జెక్టూ ఇంత ఆసక్తిగా అనిపించలేదు.

"మీ పేరేంటండీ?"

"ప్రేమ్‌కుమార్."

"రేపు రండి ప్రేమ్‌కుమార్ గారూ. కూరలో ఉప్పు వేయకముందే ఒక గిన్నె పక్కకు తీసి పెడతాను. రేటు మాత్రం అదే."

మర్నాటి నుంచి అతను రోజూ వచ్చాడు. డైటీషియన్ చెప్పినవన్నీ అతను మోసుకొచ్చేవాడు, అక్షిత వాటిని పొయ్యి మీదికి ఎక్కించేది. కూరగాయ ముక్కలు చిన్నగా తరిగి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి వార్చేది. బీరకాయలో వెల్లుల్లి దంచి వేస్తే ఏమవుతుంది? క్యాబేజీ మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే? దొండకాయలో మిరియాలు కొడితే? ప్రతిదీ ముందు తనే తినేది.

"రెండు పూటల నుంచి నేనూ ఉప్పు లేకుండానే తింటున్నా" అంది ఒకరోజు.

"మీకేం ఖర్మ?"

"తెలుసుకుందామని. మొదటి ముద్దకు ఏడుపొచ్చింది. తర్వాత బీరకాయకు దాని తియ్యదనం దానికుందని తెలిసింది."

"సప్పటి కూరకు గింత రీసెర్చా?"

"సప్పటి కాదు, చప్పిడి."

"మా సూర్యాపేటల సప్పటే. మీ కోదాడోళ్లు సగం ఆంధ్రా."

"సగం ఆంధ్రా వండితేగానీ మీకు కూర లేదు!"

అతను నవ్వి, ఒకే ఒక్క పొట్లం తీసుకుని వెళ్లాడు. ఎప్పుడూ ఒక్కటే. ఒకసారి ఆమె అడిగింది కూడా, "మరి మీకో?" అని. "నాకు ఇంట్ల ఉన్నది" అన్నాడు.

అక్షిత ఫోన్‌లో అతని నంబరుకు 'చప్పిడి కూర' అని పేరు పెట్టుకుంది. అది మోగినప్పుడల్లా ఆమె ముఖం వెలగడం దుర్గమ్మ చూసింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం ప్రేమ్ రిపోర్టు పట్టుకుని వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"అక్షిత గారూ, నిజం చెప్పుండ్రి. కూరల ఉప్పు, చింతపండు ఏమన్న ఏస్తున్నరా?"

"అదేం ప్రశ్న?"

"పొటాషియం పెరిగింది. కాళ్లు ఉబ్బినయ్. నేను ఇంట్ల చిటికెడు గూడ ఏస్తలేను. ఇంక మిగిలింది మీ షాపే. తొందరల కలిసిపోయిందేమో..."

"రోజూ నేను తిని మరీ కడుతున్నా." ఆమె గరిటె పక్కన పడేసింది. "నమ్మకం లేకపోతే రేపటి నుంచి రాకండి."

అతను రాలేదు.

ఆమెకు కోపం కన్నా అర్థం కాకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. అన్నీ సరిగ్గా చేసినా రిపోర్టు ఎందుకు చెడింది? ఎక్కడ తప్పింది?

జవాబు మూడో రోజు మధ్యాహ్నం షాపు ముందు బెంచీ మీదే దొరికింది.

మధ్యాహ్నం పూట అక్కడ భోజనం చేసేవాళ్లలో మట్టయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు లారీ తోలానని, మునగాల దాబాల్లో ఏ వంటవాడి చెయ్యి ఎలాంటిదో కళ్లు మూసుకుని చెప్పగలనని కబుర్లు చెప్పేవాడు. టమాటా పప్పు, చింతకాయ పచ్చడి, ఉప్పేసిన మజ్జిగ ఇష్టంగా తినేవాడు. పింఛను డబ్బులు రుమాలులోంచి తీసి ఇచ్చేవాడు. అక్షిత ముచ్చటపడి పచ్చడి ఇంకొంచెం వేసేది.

ఆ రోజు మట్టయ్య ముద్ద ఎత్తబోయి ఆగిపోయాడు. ఒళ్లంతా చెమట. చెయ్యి పైకి లేవడం లేదు.

"పెద్దాయనా! ఏమైంది? మీ ఇంట్లో వాళ్ల నంబర్ చెప్పండి!"

ఆయన తడబడుతూ నంబరు చెప్పాడు. అక్షిత తన ఫోన్‌లో ఒక్కో అంకె కొడుతూ వచ్చింది. చివరి అంకె పడగానే తెర మీద పేరు వచ్చింది.

చప్పిడి కూర.

ఆమె వెంటనే కాల్ నొక్కి, రోడ్డు మీది ఆటోను కేకేసింది.

ఆటోలో దవాఖానకు చేర్చేసరికి ప్రేమ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇంజెక్షన్లు ఇచ్చారు, గుండెకు తీగలు పెట్టారు. సాయంత్రానికి డాక్టరు బయటకు వచ్చి, ఒంట్లో పొటాషియం బాగా పెరిగింది, గండం గడిచింది, ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేది అన్నాడు.

వరండా రేకుల మీద వాన మోగుతోంది. ఇద్దరూ బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

"పచ్చడి నేనే వేశానండీ" అంది అక్షిత. కన్నీళ్లు కారుతున్నాయి. "మీ నాన్నగారని తెలీదు."

"తెలిస్తే ఎయ్యకపోదురు. నేనే మిమ్మల్ని అనరాని మాట అన్న." అతను తల దించుకున్నాడు. "ఆయన గిట్ల ఎందుకు చేసిండో ఎంత ఆలోచించినా సమజైతలేదు."

"అడిగారా?"

"ఏం అడుగుత? కోపమొస్తున్నది."

"నేనడుగుతా."

మర్నాడు మట్టయ్య తెప్పరిల్లాక ఆమె మంచం పక్కన కూర్చుని అడిగింది. "పెద్దాయనా, ప్రాణం మీదికొస్తుందని తెలిసీ ఎందుకు తిన్నారు? ఉప్పు లేకుండా అంత కష్టంగా ఉందా?"

"ఉప్పు కాదు బిడ్డా." ఆయన కిటికీ వైపు చూశాడు. "నా కూరకు పైసలు పెట్టి, వాడు కారప్పొడి ఏస్కొని తింటడు. నేను సూస్తలేననుకుంటడు. వాడు అట్ల తింటుంటే నాకు ముద్దెట్ల దిగుతది? వాడు తెచ్చిన కూర తిన్నట్టు చేసి, తెల్లారి పక్కింటోళ్ల బర్రెకు పోసి మీ షాపుకు వచ్చేటోన్ని. మీ బెంచీ మీద అందరితోటి కలిసి అందరు తినేదే తింటుంటే, నేను గూడ మనిషినే అనిపించేది. ఇంట్ల ఒక్కన్నే కూసుంటే బీమారోన్ని అనిపిస్తది."

తలుపు దగ్గర నిలబడ్డ ప్రేమ్ బయటకు వెళ్లిపోయాడు. అక్షిత వెనకే వెళ్లింది. అతను వానలోకి చూస్తూ ఏడుస్తున్నాడు.

"రోజూ ఒక్క పొట్లమే కొన్నారు" అంది ఆమె మెల్లగా. "నాకప్పుడే అర్థమవ్వాల్సింది."

"రెండు తీరుల కూరలకు జీతం సరిపోతలే. ఆయనకైతే చాలనుకున్న."

"రెండు రకాలు ఎందుకండీ? ఇంట్లో ఒకటే కూర వండండి. ఆయన వాటా తీశాక మీ దాంట్లో ఉప్పు వేసుకోండి. ఒకే పొయ్యి, ఒకే కూరగాయ, ఒకే నూనె. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినండి. ఆ పౌడర్లు మానేస్తే కూరగాయలకు చాలదూ?"

"నాకు వండుడు రాదు కద."

"నేర్పిస్తా."

నేర్పించింది. షోరూమ్‌కు సెలవున్న రోజు షాపు వెనక కూర్చోబెట్టి కత్తిపీట ఇచ్చింది. అతను మొదట తరిగిన సొరకాయ ముక్కలు చూసి దుర్గమ్మ, "ఇవి కూరకా, గోడకా?" అంది. నెమ్మదిగా చెయ్యి కుదిరింది. ఆ ఇంట్లో తండ్రీకొడుకులు ఒకే గిన్నెలోంచి వడ్డించుకోవడం మొదలైంది. తర్వాతి రిపోర్టు డాక్టరుకు నచ్చింది. నెలాఖరుకు అప్పు అడగాల్సిన పని పడలేదు.

ఇక కూర కొనాల్సిన పని కూడా లేదు. అయినా ప్రేమ్ రోజూ షాపుకు వచ్చేవాడు.

"మళ్లీ ఎందుకొచ్చారు?"

"డౌటున్నది. కాకరకాయల ఎల్లిపాయ ముందేయాలెనా, ఉల్లిగడ్డ ముందేయాలెనా?"

"నిన్న దొండకాయకు ఇదే అడిగారు."

"గది దొండకాయ. ఇది కాకరకాయ."

ఇలా డౌట్లు నడుస్తుండగా ఒకరోజు షాపు మూసి ఉంది. మర్నాడూ తెరవలేదు. పక్కన టీ కొట్టు మల్లేష్ చెప్పాడు, "కోదాడ పోయిండ్రు అన్నా. పిల్లకు మిర్యాలగూడ సంబంధమట. మేనమామ తెచ్చిండట. ఆదివారం సూపులు."

ప్రేమ్ ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు.

"ఏందిరా?" అన్నాడు మట్టయ్య. సంగతి విని, లేచి చెయ్యి కడుక్కున్నాడు. "రేపు పొద్దుగాల బస్సెక్కుదాం."

"ఏమని పోతం నాయినా? ఈ జీతం, ఈ కిరాయి ఇల్లు..."

"నన్ను చెప్తలేవు సూడు. నా బీమారు గూడ కలుపు. అన్నీ కలిపి చెప్పి అడుగుదాం. లేదంటే వద్దాం."

మల్లేష్ చెప్పిన గుర్తులు పట్టుకుని కోదాడలో మేనమామ ఇంటి ముందు బస్సు దిగిన ఇద్దరినీ చూసి అక్షిత గుమ్మంలోనే ఆగిపోయింది. సన్నటి తుంపర పడుతోంది. మట్టయ్య నేరుగా లోపలికి, దుర్గమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఏ కూరలో డౌటు వచ్చిందండీ, ఇంత దూరం వచ్చారు?" ఆమె గొంతులో కోపం.

"కూరల కాదు."

"ఇన్నాళ్లూ వంద డౌట్లు అడిగారు. అసలుది అడగలేదు."

"భయమైంది. నా జీతంల కిరాయి, బండి కిస్తు, నాయిన మందులు పోతే..."

"ఆ లెక్క నాకొద్దు. నేనొస్తే ఖర్చు ఎంత పెరుగుద్దో లెక్కేశారా?"

"ఏసిన."

"ఎంత?"

"ఒకటే కూర కద." అతను ఆమె కళ్లలోకి చూశాడు. "ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువైతది. గంతే. నువ్వంటే నాకు చాన ఇష్టం అక్షితా."

ఆమె నవ్వేసింది. అంతలోనే కళ్లు తుడుచుకుంది.

లోపల దుర్గమ్మ మాత్రం నవ్వడం లేదు. "అన్నా, మీరు మంచోళ్లే. కాదనను. మిర్యాలగూడ వాళ్లకి సొంత ఇల్లుంది. నా కూతురు మీ ఇంటికొస్తే జన్మంతా చప్పిడి కూరలు వండుకుంటూ కూర్చోవాలా?"

"కోడలు కావాల్నని వచ్చిన చెల్లె. వంటమనిషి కోసం కాదు. వంటకు వీడున్నడు. బిడ్డ షాపు బిడ్డ నడుపుకుంటది."

"చెప్పడం తేలిక."

ప్రేమ్ గుమ్మంలోంచి అన్నాడు, "వంటిల్లు ఎటుంది అత్తమ్మా?"

మేనమామ నోరు తెరిచాడు. దుర్గమ్మ ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూసి, చేత్తో దారి చూపించింది.

బుట్టలో బీరకాయలున్నాయి. అతను పీచు తీసి, తరిగి, నానబెట్టి, వార్చి, పోపు పెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. తండ్రి వాటా గిన్నెలోకి తీసి, మిగిలిన దాంట్లో ఉప్పు వేశాడు. వడ్డించాక అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. దుర్గమ్మ ఉప్పు ఉన్నదీ తింది. మట్టయ్య గిన్నెలోంచి రెండు ముక్కలు తీసుకుని లేనిదీ తింది. చాలాసేపు నమిలింది.

"అక్షిత వాళ్ల నాన్నకు ఈ మాత్రం కూడా చేసి పెట్టలేకపోయాను" అంది నెమ్మదిగా. పోయిన భర్తకు ఏ జబ్బు ఉండేదో ఆమె అంతకుముందెప్పుడూ బయట చెప్పలేదు. "ఆయనదీ ఇదే రోగం. ఏం తినకూడదో అప్పట్లో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు."

అక్షిత తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

దుర్గమ్మ కళ్లొత్తుకుని తమ్ముడి వైపు తిరిగింది. "మిర్యాలగూడ వాళ్లకి ఫోన్ చెయ్యి."

"ఏమని చెప్పనక్కా?"

"పిల్లకు సంబంధం కుదిరిందని చెప్పు."

భోజనాలయ్యాక పెద్దవాళ్లు ముహూర్తాల మాటల్లో పడ్డారు. పెరట్లో గిన్నెలు కడుగుతున్న ప్రేమ్ పక్కకు వచ్చి అక్షిత నిలబడింది.

"డౌట్లన్నీ తీరాయా?"

"ఒకటి మిగిలింది. నన్ను అండీ అనుడు ఎప్పుడు బంజేస్తవ్?"

ఆమె చాలా తీవ్రంగా ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టింది.

"చూద్దామండీ" అంది.