వార్నిష్ ఆరేలోపు

పిప్పరమెంటు బిళ్లల ఖాళీ డబ్బా ఒకటి అల్లుడి చేతిలో పెట్టి, మామగారు బరువుగా నిట్టూర్చారు.

"అల్లుడుగారూ, దీన్ని అందంగా అలంకరించాలి. సాయంత్రం ఐదింటిలోపు."

అల్లుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచేతిలో ఇమిడిపోయే రేకు డబ్బా. "బాంబా?"

"కాదు."

"ట్రాన్స్‌మిటరా?"

"డబ్బా అండీ. ఉత్త డబ్బా."

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. సీక్రెట్ సర్వీసు చీఫ్‌ని ఆఫీసులో అందరూ మామగారనే అంటారు గానీ, నిజంగా ఆయనకున్న అల్లుడు ఒక్కడే. ఆ ఒక్కడూ పదకొండేళ్ల సర్వీసులో పద్నాలుగు సార్లు చావు తప్పించుకున్నాడు. పదమూడు సార్లు మిషన్ మీద పంపింది మామగారే. పద్నాలుగోసారి పంపిందీ ఆయనే, కాకపోతే అది హనీమూన్‌కి.

"బజారులో గాజుసామాన్ల కొట్టు మేడమీద ఓ హాబీ క్లాసు జరుగుతుంది," అన్నారు మామగారు. "ప్రయాణాల్లో మిగిలిన టికెట్లూ, స్టాంపులూ, మ్యాపు ముక్కలూ రేకు డబ్బాకి అంటించి, గుర్తుగా దాచుకునే డబ్బా చెయ్యడం నేర్పుతారు. నేర్చుకునే ముగ్గురిలో ఒకడు విదేశీ ముఠా కొరియరు. ఇవాళ వాడి డబ్బాలో ఓ మైక్రోఫిల్ము దేశం దాటుతోంది. అందులో తొమ్మిది పేర్లు. అవతలి దేశంలో ఉన్న మన ఏజెంట్లవి."

"మీదపడి పట్టుకోవచ్చుగా?"

"డబ్బా ఏదో తెలీదు. కిటికీ కింద వాళ్ల మనిషి స్కూటరేసుకుని కాపలా ఉంటాడు. మనం మెట్లెక్కేలోపు డబ్బా వాడి ఒళ్లో పడుతుంది. చుట్టూ అన్నీ సందులు. వాడు దూరాడంటే దేవుడికి కూడా దొరకడు."

మామగారు కళ్లజోడు తీసి తుడిచారు. అది తుడవాల్సినంత మసగ్గా ఏమీ లేదు.

"మొదటి పేరు ఎవరిదో తెలుసుగా?"

తెలుసు. మామగారికి కూతురు, అల్లుడికి పెళ్లాం. అవతలి దేశపు రక్షణ మంత్రిగారి పిల్లలకి పియానో నేర్పుతూ, ఏడాదిగా ఆ ఇంట్లో గుసగుసలన్నీ ఇక్కడికి చేరవేస్తోంది. ఆ ఫిల్ము అక్కడికి చేరితే, తెల్లారేసరికి ఆవిడ ఉండదు.

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఒక్కరూ లేరు," అన్నారు మామగారు, అడిగీ అడగకముందే.

మధ్యాహ్నం మూడింటికి అల్లుడు ఆ మేడ మెట్లెక్కాడు. నెరిసిన గడ్డం, ఊతకర్ర, కాస్త వంగిన నడుం. రిటైరైన స్టేషన్ మాస్టరు వేషం. జేబులో మత్తుగ్యాసు పెన్ను, కుడి బూటు మడమలో రేడియో.

తలుపు దగ్గర టీచరమ్మ ఎదురొచ్చింది. టీచరమ్మ అంటే మీరేదో ఊహించుకుంటారేమో, అవన్నీ చెరిపేసుకోండి. నెమలికంఠం రంగు చీర, ఎర్రటి గోళ్లు. నవ్విందంటే ఎదుటివాడికి సొంత పేరు గుర్తుండదు. అల్లుడికి ఆ ఇబ్బంది లేదు, ఎలాగూ పేరు మార్చుకునే వచ్చాడు.

"మాస్టారూ, బూట్లు బయట విప్పెయ్యండి. పెన్నూ, కర్రా కూడా ఆ బల్లమీద పెట్టండి. తడి వార్నిష్ మీద దుమ్ము పడితే పనంతా పాడు."

రేడియో బయట. పెన్ను బయట. అల్లుడు లోపల. వెనకాల తలుపు మూసుకుంది. టీచరమ్మ తాళం వేసి, తాళంచెవి కొప్పులో దోపుకుంది.

"వార్నిష్ ఆరేదాకా ఈ తలుపు తీసేది లేదు. ఫ్యాను కూడా వెయ్యను."

ఇనుప ఊచల కిటికీ ఒక్కటే. పైన రేకుల కప్పు కాలిపోతోంది. రంగూ, బంకా, చెమటా కలిసి ముక్కు బద్దలయ్యే వాసన. కాళ్లు చాపితే పక్కవాడికి తగిలేంత గది. పెట్టెలో పెట్టి మూత వేసినట్టుంది అల్లుడికి.

మిగతా ముగ్గురూ ఎవరి లోకంలో వాళ్లున్నారు. ఒకడు కళ్లద్దాలవాడు, ఒకడు బక్కవాడు, ఇంకొకడికి మూతిమీద పొదంత గుబురుమీసం. నాలుగోవాడు అల్లుడే.

"ముందు ఉప్పుకాగితంతో డబ్బా గీకండి," అంది టీచరమ్మ. "నున్నగా ఉంటే రంగు నిలవదు. తర్వాత బయట రంగు. ఆరాక టికెట్లు, వాటిమీద వార్నిష్. అన్నిటికన్నా ఆఖర్న లోపల కాగితం."

అల్లుడు గీకాడు. గోళ్లు అరిగాయి. రంగు వేశాడు. డబ్బాకన్నా గడ్డానికే ఎక్కువ అంటింది. ఓరకంట మిగతా బల్లలు చూశాడు. గుబురుమీసం డబ్బాకి ఇంకా బయట రంగే పడలేదు. మూతకి లోపలివైపు మాత్రం అప్పుడే ఓ మ్యాపు ముక్క అంటించేసి ఉంది! గోడలు లేవకుండానే మంచం వేసి పడుకున్నాడన్నమాట మహానుభావుడు.

దొరికావురా, అనుకున్నాడు అల్లుడు.

ఆ ఆనందం ఎంతోసేపు లేదు. టికెట్లు అంటిస్తూ చూస్తే, గుబురుమీసంవి ఏడు ఊళ్ల టికెట్లు. ఏడింటికీ ఒకేలాంటి చుక్క రంధ్రం. నిజం టికెట్లయితే ఏ స్టేషన్ పంచ్ గుర్తు దానిదే ఉంటుంది. బక్కవాడివీ అంతే. కళ్లద్దాలవాడివీ అంతే. ముగ్గురూ ఏ రైలూ ఎక్కలేదు. ఎవడో గుమస్తా కుర్చీలో కూర్చుని, ఒకే పంచ్‌తో అన్నిటికీ టకటకా కొట్టి ఇచ్చాడు.

ఒకడు కాదు. ముగ్గురూ ముఠావాళ్లే.

అప్పుడు అల్లుడు తన టికెట్లకేసి చూసుకున్నాడు. సీక్రెట్ సర్వీసు స్టోర్సువాళ్లు ఇచ్చిన తొమ్మిది టికెట్లు, తొమ్మిది ఊళ్లవి. తొమ్మిదింటికీ ఒకటే చంద్రవంక రంధ్రం.

గుమస్తాలు ఏ దేశంలోనైనా గుమస్తాలే కదండీ.

తలెత్తేసరికి గుబురుమీసం కూడా ఆ చంద్రవంకలకేసే చూస్తున్నాడు.

"స్టేషన్ మాస్టారూ," అన్నాడు తాపీగా, "తొమ్మిది స్టేషన్లలోనూ ఒకటే పంచా? మీ సర్వీసులో ఎప్పుడైనా చూశారా ఇంత వింత?"

"మీ ఏడు స్టేషన్లలో చూశానుగా, ఇప్పుడే."

ముగ్గురూ లేచారు. గదిలో పారిపోవడానికి జాగా ఉంటే కదా! కళ్లద్దాలవాడు చేతులు విరిచిపట్టాడు. బక్కవాడు గడ్డం లాగాడు, ఊడొచ్చింది. పురికొస తెచ్చి కుర్చీకి కట్టేసింది ఎవరనుకున్నారు? టీచరమ్మే.

"నువ్వు కూడానా తల్లీ?" అన్నాడు అల్లుడు.

"కదలకండి, ముడి వదులవుతుంది," అంది ఆవిడ, మణికట్టు దగ్గర ఇంకో చుట్టు బిగిస్తూ.

"ఐదింటికి వ్యాను వస్తుంది," అన్నాడు గుబురుమీసం. "డబ్బా వెళ్తుంది. మేమూ వెళ్తాం. నువ్వు మాత్రం ఇక్కడే ఉంటావు, పర్మనెంటుగా."

గోడ గడియారం నాలుగూ నలభై. చేతులు లేవు, పెన్ను లేదు, రేడియో లేదు. కళ్లు మూస్తే భార్య వేళ్లు కనిపిస్తున్నాయి, పియానో మెట్లమీద. ఆవిడకేం తెలుసు, ఇక్కడ ఇరవై నిమిషాలే మిగిలాయని! అల్లుడికి మిగిలింది నోరొక్కటే. సరే, దాన్నే దూశాడు.

"వెళ్లు నాయనా, వెళ్లు. ఆ డబ్బా చూసి కస్టమ్స్‌వాడు పడీపడీ నవ్వుతాడు."

"ఏం, దీనికేమైంది?"

"ఏమైందా? మూతలోపల మ్యాపు అంచులు అప్పడంలా లేచిపోతుంటే, ఏమైందంటావేంటయ్యా! రంగు వేసేటప్పుడు తడి తగిలి ఉబ్బింది. ముందు లోపల అంటించి తర్వాత బయట రంగేసినవాణ్ణి నిన్నే చూశా. కస్టమ్స్‌వాడు గోరుతో ఇలా అంటే చాలు, మ్యాపూ కిందున్నదీ కలిసి వాడి చేతిలోకొస్తాయి."

"నోర్ముయ్!" అన్నాడు గానీ, గుబురుమీసం చెయ్యి డబ్బామీద బిగుసుకుంది.

"నాకేంటి, నేనెలాగూ పోయేవాణ్ణే. పనితనం చూసి కడుపు మండి చెబుతున్నా. చిన్నపిల్లలు కూడా ఇంతకన్నా బాగా అంటిస్తారు."

గుబురుమీసం కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఎవరూ చూడనట్టు మూత కొంచెం తెరిచి చూసుకున్నాడు. అంచు ఒకటి నిజంగానే లేచింది.

"టీచరమ్మా! దీన్ని నొక్కిపెట్టండి. త్వరగా!"

ఆవిడ తన హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న సీసా తీసింది. లేచిన అంచు కిందికి కుంచె పోనిచ్చి, ఓపిగ్గా, ధారాళంగా రాసి, బొటనవేలితో నొక్కింది. ఘాటైన వాసనొకటి గుప్పుమంది. ఎక్కడో ఎరిగిన వాసనే. అల్లుడికి ఇల్లు గుర్తొచ్చింది, ఎందుకో అర్థం కాలేదు.

"మూత మూసెయ్యండి. ఐదు నిమిషాలు తెరవకండి," అంది.

ఐదయింది. కింద హారన్. టీచరమ్మ కొప్పులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది.

వచ్చింది వ్యాను డ్రైవరు కాదు. మామగారు! వెనక ఎనిమిదిమంది కానిస్టేబుళ్లు! ఐదు దాటితే డబ్బా ఎలాగూ చెయ్యి దాటిపోతుందని తెగించి వచ్చేశారు.

"హ్యాండ్సప్!"

గుబురుమీసం ఒక్క గెంతులో కిటికీ దగ్గరికెళ్లి, ఊచల మధ్యలోంచి డబ్బా విసిరేశాడు. కింద స్కూటరు బుర్రుమంది. ఆ చప్పుడు సందులో మలుపు తిరిగి, సన్నబడి, ఇక వినపడలేదు.

గుబురుమీసం సంకెళ్లకి చేతులు చాపుతూ నవ్వాడు. మామగారు గోడకి చేరబడిపోయారు. "నా తల్లీ..." అన్నారు, గాలి తీసేసినట్టు. అల్లుడు కట్లతో సహా కుర్చీ ఎత్తుకుని తలుపుకేసి ఉరికాడు. రెండడుగులు వేసి బోర్లాపడ్డాడు.

"పోనివ్వండి," అంది టీచరమ్మ, అతన్ని లేపి ముడి విప్పుతూ. "దాంట్లో ఇప్పుడు బంకముద్ద తప్ప ఏమీ లేదు. నేను రాసింది నెయిల్ పాలిష్ రిమూవరు. ఫిల్ముకి తగిలితే కరిగి ముద్దయిపోతుంది."

గుబురుమీసం నవ్వు మీసాల్లోనే ఇంకిపోయింది.

"వాళ్ల జీతం తీసుకుంటూ మీ పని చేస్తున్నా," అంది అల్లుడితో. "ఫిల్ము వీడిదగ్గరుందని తెలుసు. ఎక్కడ దాచాడో తెలీదు, డబ్బామీద నన్ను చెయ్యే వెయ్యనివ్వలేదు. మీరు నాలుగు తిట్లతో వాడిచేతే తెరిపించి ఇప్పించారు."

అల్లుడు మణికట్లు రుద్దుకుంటూ మామగారికేసి తిరిగాడు. "లోపల మనవాళ్లెవరూ లేరన్నారు?"

"ఉందని చెబితే మీరు ఆవిడకేసే చూస్తూ కూర్చునేవారు. వాళ్లు పట్టేసేవాళ్లు," అన్నారు మామగారు. గొంతు తగ్గించి, "పైగా మా అమ్మాయికి తెలిస్తే ఊరుకోదు," అన్నారు.

ఆ రాత్రి అవతలి దేశంలో పియానో క్లాసు మామూలుగానే జరిగింది. నెల తిరక్కుండా ఆవిడ మామూలుగానే ఇంటికొచ్చింది. నమ్మకపోతే అల్లుడి ఇంటికెళ్లి చూసుకోండి. హాల్లో గోడకి టీచరమ్మ సంతకంతో సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది. డబ్బా అలంకరణలో క్లాసు ఫస్టు!

మిగతా విద్యార్థులందరూ జైల్లో ఉన్నారు లెండి.