పాలజాలు తాగిన రాక్షసుడు

చంద్రగిరి రాజ్యానికి పేరు తెచ్చిందే పాలజాలు జలపాతం. అది ఉన్నట్టుండి ఎండిపోసాగింది. ఘటోదరుడనే రాక్షసుడు కొండ మీద కూర్చుని ఏరంతా తాగేస్తున్నాడని మంత్రి వక్రసేనుడు చాటింపు వేయించాడు. రాజు నమ్మాడు. పాపం, ఆయన ఏదైనా నమ్ముతాడు!

బెస్తపిల్ల పైడి మాత్రం నమ్మలేదు. జలపాతం ఎండినప్పుడల్లా ఆమె తండ్రి అప్పన్న కింద మిగిలిన మడుగుల్లో చేపలు పట్టేవాడు. పొరుగు రాజులు చూడవచ్చిన రోజున నీరు ఒక్కసారిగా విరుచుకుపడేది. క్రితంసారి అప్పన్న చావు తప్పి బయటపడ్డాడు.

"సుట్టాలొచ్చిన నాడు రాక్షసుడికి దాహమెయ్యదేటయ్యా?" అంది పైడి.

"నీకన్నీ అనుమానాలే! కూడొద్దేటి మనకి?" అంటూ అప్పన్న మడుగులోకి దిగాడు. పైడి సొరకాయబుర్ర నిండా నీళ్ళు పట్టుకుని కొండెక్కింది.

దారిలో ఒక ముని అడ్డుపడ్డాడు. "పైన రాక్షసుడు నమిలేస్తాడు. మళ్ళిపో తల్లీ!"

పైడి ఆయన కాళ్ళకు మొక్కబోయి ఆగింది. కాషాయం కింద జరీ చెప్పులు! ఇతను మంత్రి మనిషే అనుకుని, వెనుదిరిగినట్టు నటించి పొదల్లోంచి పైకి పాకింది.

అక్కడ ఉచ్చులో చిక్కిన నీటికుక్క ఒకటి, "విడిపిస్తే రాక్షసుడుండే గుహ చూపిస్తాను" అంది.

"నువ్వూ మంత్రి మనిసివేనేటి?"

"మనిషినే కాను కదే పిల్లా!"

పైడి నవ్వాపుకోలేక ఉచ్చు విప్పింది. గుహలో ఘటోదరుడు గొలుసులతో ఒక రాతి తలుపుకు కట్టేసి ఉన్నాడు. పక్కనే నీటి ఉరవడికి పెద్ద చక్రం గిరగిరా తిరుగుతోంది.

"నేను చుక్క తాగలేదు, మంత్రే నన్నిలా కట్టేశాడు," అన్నాడతను. "ఈ తలుపు మూస్తే నీరు చక్రం మీదికి పోతుంది. దాంతోనే కోటలో మాయమణుల దీపాలు వెలుగుతాయి. అతిథులొస్తే ఈ గొలుసే నాచేత తలుపు తీయించి నీటిని జలపాతానికి వదిలిస్తుంది. ఎవరైనా చేతులారా నీళ్ళు తాగిస్తేనే ఈ మంత్రపు గొలుసు తెగుతుంది. ఏరు తాగేవాడికి నీళ్ళెవరిస్తారు?"

"నన్ను మింగవని నమ్మకమేటి?"

అంతలో కోటలో కొమ్ముబూర మోగింది. అతిథులొచ్చారు! గొలుసు రాక్షసుడి చేతుల్ని లాగసాగింది, తలుపు కదిలింది. కింద అయ్య! పైడి దగ్గరికెళ్ళి, బుర్రలోని నీళ్ళు అతని నోట్లో పోసింది.

గొలుసు తెగింది. ఘటోదరుడు తలుపుకు వీపు ఆనించి ఆపాడు. పైడి కొండ అంచు నుంచి "అయ్యా, గట్టెక్కు!" అని గొంతు చించుకుంది. అప్పన్న గట్టు చేరాకే నీరు వదిలారు.

సంగతంతా విన్న రాజు మంత్రిని రాజ్యం నుంచి తరిమేశాడు. "మరి నా దీపాలో?" అని గొణిగాడు.

"సగం నీరు సక్రానికి, సగం జలపాతానికి. తలుపు తీసేముందు డప్పు కొట్టాల," అంది పైడి. రాజు ఆ తలుపు మీద అధికారం ఆమెకే ఇచ్చాడు.

ఇప్పుడు ఘటోదరుడే డప్పు కొడతాడు. అయినా పైడి అంచు దాకా వచ్చి, అయ్య గట్టు మీద కనబడితేనే తియ్యమంటుంది. తీసేముందు మాత్రం సొరకాయబుర్ర అతనికి అందిస్తుంది.

"ముందు నువ్వు తాగు," అంటుంది.