శైలజ పేజీలో ఒక తప్పు

తిరుమలగిరిలో శైలజకు తెలియని సంగతి లేదు. ఒకవేళ ఉంటే, అది తెలుసుకోదగ్గది కాదని శైలజే తేల్చేసేది.

బాపు నడుము పట్టేసిన ఏడాది ఆమె డిగ్రీ సగంలో ఆగిపోయింది. అప్పటినుంచి ఫోనులో ఒక పేజీ నడుపుతోంది. నెట్‌లో చరిత్ర గురించో, యంత్రాల గురించో మంచిది దొరికితే ఆ లింకు అక్కడ దాచేది. కింద తన మాటగా రెండు ముక్కలు రాసేది. పాత కోటల్లోని నీటి గొట్టాలు, చిల్లుల అట్టలతో నడిచిన మగ్గాలు, మొదటి రేడియోలు, అన్నీ ఉండేవి. మూడు వందల పన్నెండు మంది చదివేవారు. "ఏం చదువుకున్నవ్?" అని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ పేజీలో శైలజకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఒకరోజు ఉన్ని నేత మీద ఒక వ్యాసం దొరికింది. గొంగడి నేసేముందు పోగుకు చింతగింజల అంబలి పట్టిస్తారని అందులో ఉంది. శైలజ మగ్గంలో కూర్చున్న బాపును అడిగింది. సీతారాములు నవ్వాడు.

"పోగుకు వెట్టేది గంజి బిడ్డా. చింతగింజలెవడన్న వెడ్తడా? పురుగు వడ్తది."

నలభై ఏళ్ళు చీరలు నేసిన మనిషి చెప్పాక ఇంకేం కావాలి? శైలజ లింకు కింద రాసేసింది: "ఈ రాసినాయన మగ్గం మొఖం ఎన్నడు చూసినట్టు లేడు. చింతగింజలంట. ఇంక నయం, పులుసు వోసిండ్రనలే."

సాయంత్రానికి పరమేష్ అనే పేరుతో కింద జవాబు పడింది.

"మేడం, ఆ రాసినాయన మా ఇంట్ల మూడు దినాలున్నడు. మా బాపు గొంగడి నేస్తుంటే చూసి రాసిండు. అంబలి కాసింది మా అమ్మ. పులుసు గూడ వోసింది, మంచిగ తిన్నడు."

శైలజ ఊరుకుంటుందా? "మా బాపు తిరుమలగిరి సీతారాములు నలభై ఏండ్లసంది నేస్తున్నడు. తమరెవరు సార్?"

"షాద్‌నగర్ల ఒక కంపెనీల మోటర్లు బాగుచేస్త. ఊరు కేతేపల్లి. గొర్లు, గొంగళ్ళు మా ఇంటి పని. నేను గూడ మీ లెక్కనే లింకులు దాస్త. పద్నాలుగు వందలైనయి."

"వాటి కింద ఒక్క ముక్కన్న రాసిండ్రా?"

"చదివినంక రాద్దామని."

"ఎప్పుడు చదువుతరు?"

"టైము దొరకాలె గద."

"అంటే అటుక మీద కుండలు పేర్చినట్టు. అండ్ల ఏమున్నదో ఎలుకలకే ఎరుక."

"మీరేమో మూత తియ్యకుండనే రుచి చెప్తరు."

పది రోజులు ఇలాగే నడిచింది. ఆమె ఏ లింకు దాచినా కింద అతను హాజరు. జవాబు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే శైలజ ఫోను చార్జింగు చూసుకునేది. అది ప్రేమ కాదని, ఫోను పాతదని తనకు తానే చెప్పుకునేది.

ఇంకో రెండు వ్యాసాలు వెతికి చదివేసరికి, అతను చెప్పింది నిజమని ఆమెకు మూడోరోజే తెలిసిపోయింది. కానీ దిద్దితే పరువు? ఆ ఊగిసలాటలో ఉండగా ఊళ్ళో ఒక పెద్దమనిషి వచ్చి కింద రాశాడు: "డిగ్రీ పూర్తి చెయ్యనోళ్ళు చరిత్ర చెప్తే గిట్లనే ఉంటది."

శైలజ ఆ మధ్యాహ్నమే పేజీ మూసేసింది. ఎన్నేళ్ళ కష్టమో. మూయడానికి రెండు నొక్కులు సరిపోయాయి.

పేజీ మూసిన ఆరో రోజు ఆదివారం. వాన దంచికొడుతోంది. వాకిట్లో ఒక బండి ఆగింది. దాని మీదినుంచి తలమీదుగా గొంగడి కప్పుకున్న ఒక ఆకారం దిగింది. తడిసి జ్వరం తెచ్చుకుంటే ఎవరు చూస్తారన్న ఆలోచన మగపిల్లలకు ఎన్నడుంది కనుక?

"ఎవరు బిడ్డా?" అంది తలుపు తీసిన యాదమ్మ.

"పరమేష్, అమ్మా. కేతేపల్లి. మీ బిడ్డతోని జర మాట్లాడాలె."

తల్లి వెనక శైలజ నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ పేజీలో అతని ఫొటో ఉండాల్సిన చోట ఒక మోటారే కనిపించేది. మోటారుకంటే మనిషి నయమనిపించింది. పైకి మాత్రం, "దారి తప్పిండ్రా?" అంది.

సీతారాములు కళ్ళు గొంగడి మీదే ఉన్నాయి. నీళ్ళు పైపైనే జారిపోతున్నాయి. పిల్లవాడి అంగీ పొడిగా ఉంది. అంచును వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏం వట్టిచ్చిండ్రు దీనికి?"

పరమేష్ శైలజ వైపు చూశాడు. శైలజ ఇంటి దూలాల్ని లెక్కబెట్టడంలో మునిగిపోయింది.

"చింతగింజల అంబలి, కాకా."

"పురుగు వడదా?"

"నేసి పదేండ్లాయె. పడలే."

సీతారాములు గొంగడి అంచు వదిలాడు. "పత్తి సంగతే నాకెరుక. ఉన్ని సంగతి ఎరుకలేదు. తప్పు నాది బిడ్డా, నా పేరు వెట్టి రాయి."

"నీ పేరెందుకు బాపు? రాసింది నేను," అంది శైలజ. "ఇగ రాయ. సగం చదువుదానికి ఈ రాతలెందుకంటున్నరు."

"మోటరు తప్పు బిగిస్తే విప్పి మళ్ళ బిగిస్త," అన్నాడు పరమేష్. "అంతేగని కంపెనీకి తాళమేస్తమా? నువ్వు రాసిన రెండు ముక్కలు చూడంది నాకు బువ్వ దిగుతలేదు."

"మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. యాదమ్మ గమనించింది. అతణ్ణి కింది నుంచి మీదికి చూసింది. "చూస్తే బువ్వ దిగనట్టు లేవు గని బిడ్డా."

"పిలగా," అన్నాడు సీతారాములు, "ఇంత వానల అంబలి సంగతి చెప్పనీకే వచ్చినవా?"

"కాదు కాకా. తను ఒప్పుకుంటే మా బాపును తోల్కొస్త."

"మనం సాలోళ్ళం, వాళ్ళు కుర్మోళ్ళు, కులం వేరాయె," అంది యాదమ్మ మెల్లగా.

"వాళ్ళింట్ల గూడ మగ్గమే ఉన్నది గదనే," అన్నాడు సీతారాములు. "పిల్ల ఏమంటదో చూడు ముందు."

పిల్ల ఫోను తీసి, మూసిన పేజీ మళ్ళీ తెరిచింది. నిలబడే రాసింది: "పైన నేను రాసింది తప్పు. గొంగడి పోగుకు పట్టిచ్చేది చింతగింజల అంబలే. ఇయ్యాల చూసిన. అడిగేటోళ్ళకు చెప్తున్న, నా డిగ్రీ సగంల ఆగింది. నేర్చుకునుడు ఆగలే."

నాలుగడుగుల దూరంలో పరమేష్ ఫోను మోగింది. చదువుకుని, నోరుండి కూడా ఆ పేజీలోనే జవాబు కొట్టాడు: "మరి నా సంగతి మేడం?"

శైలజ తల ఎత్తకుండా రాసింది: "వచ్చే అయితారం మీ బాపును తోల్కరా."

ఆ మాటకూ ఉన్నికీ సంబంధమేమిటో మూడు వందల పన్నెండు మందిలో ఎవరికీ అంతుపట్టలేదు. యాదమ్మకు కూతురి మొహం చూస్తే సరిపోయింది. పొయ్యి మీది చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసింది.