మందార రంగు రొయ్యలు

పొద్దున్నే కిటికీ తెర సందులోంచి వచ్చిన ఎండ హాల్లోని అద్దాల తొట్టిలోకి దూరి, నాచు మీద మెల్లగా ఊగుతోంది. నీళ్లు వడకట్టే స్పాంజి మీంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి. ఆ పచ్చదనం నిండా గోరంత రొయ్యలు, మందారపు రేకుల్ని సన్నగా తుంచి చల్లినట్టు. చిట్టి చేతులతో నాచును గీరుకుంటూ తింటున్నాయి. వాటికి తొందర అంటే ఏమిటో తెలియదు. కాసేపు చూస్తూ కూర్చుంటే మనిషీ మరిచిపోతాడు.

కాజాలమ్మ మాత్రం గది గుమ్మంలో నిలబడే వాటిని చూస్తోంది. దగ్గరికి వెళ్లడం మానేసి కొన్నాళ్లయింది.

వయసులో ఉండగా ఆవిడ బట్టల కర్మాగారంలో చొక్కాలకు కాజాలు కుట్టేది. పేరు ఎప్పుడో వెనకబడిపోయి కాజాలమ్మ అన్న పిలుపే మిగిలింది. భర్త పోయాక పెద్దకొడుకు దగ్గర ఉంది. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లై ఇల్లు ఇరుకైతే, లిఫ్టులు బాగుచేసే చిన్నకొడుకు వచ్చి తీసుకొచ్చాడు. "ఇక్కడే ఉండిపో అమ్మా" అన్నాడు గానీ, ఆవిడ ఇప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. బట్టలు సంచిలోంచి తీసుకుని, ఉతికి, మళ్లీ సంచిలోనే పెట్టుకుంటుంది.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రండి. మీ కళ్లు నా కళ్లకంటే చురుకు" అని పిలిచింది కోడలు. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. తొట్టి ముందు గొంతుక్కూర్చుని, దుకాణం నుంచి తెచ్చుకున్న భూతద్దం కంటికి ఆనించుకుని ఉంది.

కాజాలమ్మ కొంగు సర్దుకుంటూ వెళ్లి కోడలి పక్కన వంగింది.

"ఈ పిల్లల్ని చూడండి. ఏ రంగులో ఉన్నాయి?"

"పసివి కదమ్మా. పెద్దయ్యాక ఎరుపెక్కుతాయేమో."

"లేదత్తయ్యా. నా రొయ్యల పిల్లలకి ఈపాటికే రంగు వచ్చేయాలి. ఇవి చూడండి, టీ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. కొన్నిటికైతే అసలు రంగే లేదు, గాజు ముక్కల్లా."

పనిముట్ల సంచి భుజాన వేసుకుంటున్న కొడుకు అటు తొంగి చూశాడు. "నా కంటికి అచ్చం కాలవ రొయ్యల్లాగే ఉన్నాయి. మూకుడు పెట్టమంటావా?"

"మీ నోరు ఒకటి!" అంది కోడలు. ఆ మాటలో నవ్వు లేదు. భూతద్దం దించకుండా, వరసగా పెద్ద రొయ్యల్ని చూడడం మొదలుపెట్టింది.

కాజాలమ్మ మెల్లగా వెనక్కి జరిగి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రొయ్యలు కోడలికి ఎంత ప్రాణమో ఆవిడకు తెలుసు. పెళ్లికి ముందు హాస్టల్ గదిలో, కిటికీ గట్టు మీద గాజుసీసాలో మొదలుపెట్టిందట. అప్పుడవి వెలిసిన గులాబీ రంగులో ఉండేవట. ప్రతి ఈతలోనూ బాగా ఎర్రగా ఉన్నవాటిని ఉంచి, పాలిపోయినవాటిని వేరే తొట్టిలోకి తీసి, ఏళ్ల తరబడి ఏరుకుంటూ వస్తే ఈ మందారం రంగు కుదిరింది. కాళ్లతో సహా ఎరుపే.

కొత్త యంత్రం మీద పని నేర్చుకురమ్మని దుకాణంవాళ్లు వేరే ఊరు పంపినప్పుడు, కోడలు వాటిని అత్తగారికి అప్పగించింది. "చిటికెడు మేత వేయండి. నీళ్లు తగ్గితే కాసిని పోయండి. ఇంకేమీ చెయ్యక్కర్లేదు, చూస్తూ ఉండండి చాలు" అంది. కాజాలమ్మ పొంగిపోయింది. ఈ ఇంటికొచ్చాక తనకంటూ అప్పగించిన మొదటి పని అది. కాజా అంచు చూసినంత జాగ్రత్తగా చూసింది.

నీళ్లు తగ్గాయని పోసింది. ఆ మర్నాడు నాచు మీద ఒక రొయ్య పడి ఉంది. తెల్లగా, మీసాలు కాళ్లు అన్నీ ఉండి, కదలిక లేకుండా. తరవాత ఇంకొకటి. ఆపైన రోజూ. బతికినవాటిని లెక్కపెడదామని చూస్తే సగానికి సగం కనబడలేదు.

పెద్దకోడలి మాట చెవిలో మోగింది. ఆమె చెడ్డది కాదు, నోటిదురుసు మాత్రమే. ఒకప్పుడు బాల్కనీలో మొక్కలన్నీ ఎండిపోతే, "అత్తయ్య హస్తవాసి అలాంటిది మరి. ఆవిడ చెయ్యి పడితే ప్లాస్టిక్ పూలు కూడా వాడిపోతాయి" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. కాజాలమ్మా నవ్వింది. కానీ ఆ మాట విరిగిన సూదిమొనలా లోపలే ఉండిపోయింది.

చచ్చినవాటిని గరిటెతో తీసి, కాగితంలో చుట్టి, బాల్కనీలో పూలకుండీ మట్టిలో పాతిపెట్టింది. కొడుకు పనికెళ్లాక, వీధి చివర రంగు చేపల దుకాణానికి వెళ్లింది. "ఎర్ర రొయ్యలు కావాలి నాయనా, బాగా ఎర్రగా ఉండాలి" అంటే, దుకాణదారు, "ఎరుపే కదండీ, ఇవిగో" అని వలతో తీసి ప్లాస్టిక్ సంచిలో పోసిచ్చాడు. వాటిని తెచ్చి తొట్టిలో వదిలేసింది.

కోడలు తిరిగొచ్చి తొట్టి చూసి, "అబ్బ, ఎంత కళగా ఉందో! మీ చెయ్యి చాలా మంచిదత్తయ్యా!" అంది. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనైనా, అప్పటిదాకా ఎవరూ ఆవిడతో ఆ మాట అనలేదు. చెప్పాలనుకున్నది కాస్తా మానుకుని, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. ఆ దుకాణం రొయ్యలు పైకి ఎర్రగానే ఉన్నా, రకరకాల రంగులు కలగలిసిన మందలోంచి వచ్చినవని ఆవిడకేం తెలుసు?

సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చేసరికి, కోడలు డైనింగు బల్ల మీద తెల్లటి గిన్నె పెట్టుకుని కూర్చుంది. గిన్నె నీళ్లలో ఒక రొయ్య ఒంటరిగా తిరుగుతోంది.

"ఇది నాది కాదు" అంది కోడలు.

"మన కాపురంలో నీదీ నాదీ ఏమిటే?"

"వేళాకోళం ఆపండి. దీని కాళ్లు చూడండి, తెల్లగా ఉన్నాయి. ఇలాంటివి తొట్టిలో ఇంకా ఉన్నాయి. నేను లేనప్పుడు మీరు ఏం తెచ్చి వేశారు?"

"నేనా? నేను వేసింది చూపు ఒక్కటే. అదీ దారిన పోతూ."

"మరి ఎవరు వేశారు, ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? 'అన్నీ ఒకటే రంగేమిటి, యూనిఫాం వేసిన బడిపిల్లల్లా' అన్నది మీరు కాదూ?"

"అన్నాను. అన్నవన్నీ చేసేవాణ్ణయితే ఈపాటికి మా మేనేజరు లిఫ్టు గోతిలో ఉండేవాడు."

కోడలు నవ్వలేదు. "మీకు అవి పురుగులు. నాకున్న చదువు మా నాన్న ఇప్పించాడు, ఉద్యోగం మా దుకాణం మేడం ఇచ్చింది, ఈ ఇల్లు మీరు చూశారు. నా అంతట నేను, నా చేత్తో చేసుకున్నది ఆ రంగు ఒక్కటే. దాన్ని కూడా సరదాకి చెడగొట్టి, ఒప్పుకోకుండా నవ్వుతారేమిటండీ?"

"చెయ్యలేదంటుంటే వినవేం? రొయ్యల కోసం మొగుణ్ణి దొంగని చేస్తున్నావ్, అది తెలుస్తోందా నీకు?" ఈసారి కొడుకు గొంతులోనూ నవ్వు లేదు. "అంత నమ్మకం లేనప్పుడు తీసెయ్ ఆ తొట్లు! నా కంటికి కనబడకుండా తీసెయ్!"

"తీసేస్తాను. తొట్లతో పాటు నేనూ పోతాను, హాయిగా ఉండండి."

గదిలో కాజాలమ్మకు ఒక్కో మాటా వినబడుతోంది. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు ఇలా గొంతు పెంచడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. నోరు విప్పితే ఈ ఇల్లు తనకు ఉండదు. విప్పకపోతే ఈ ఇల్లు వీళ్లకే ఉండేలా లేదు. ఆవిడ లేచి, సంచి చేతపట్టుకుని హాల్లోకి వచ్చింది. సర్దుకోవడానికి ఏమీ లేదు, అంతా సంచిలోనే ఉంది.

"వాణ్ణి ఏమీ అనకమ్మా. వేసింది నేను."

ఇద్దరూ తిరిగి చూశారు.

"నువ్వు ఊరెళ్లినప్పుడు నీ రొయ్యలు చచ్చిపోయాయి తల్లీ. నా చేతిలో చచ్చిపోయాయి. రోజూ పొద్దున లేచి చూస్తే ఒకటో రెండో పడి ఉండేవి. భయమేసి, కొట్లో కొనుక్కొచ్చి వేశాను." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "అన్నయ్యకు ఫోన్ చెయ్యి నాయనా. రేపు పొద్దున వెళ్లిపోతాను. నేనున్నచోట ఏదీ బతకదు."

"ఏం మాటలమ్మా అవి!" అంటూ కొడుకు సంచి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

కోడలు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. కనుబొమలు ముడిపడ్డాయి. "అత్తయ్యా, చచ్చిపోయినవి ఏ రంగులో ఉన్నాయి?"

"తెల్లగా ఉన్నాయమ్మా. ఉల్లిపొర లాగా. ఇటునుంచి అటు కనబడేలా."

"వాసన వచ్చిందా?"

"లేదే."

"పట్టుకుంటే బరువుగా ఉన్నాయా?"

"బరువేమిటమ్మా, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి. పాపం, చిక్కిపోయి అలా అయ్యాయనుకున్నాను. అన్నిటినీ పూలకుండీలో పాతిపెట్టాను. ఊరికే చెత్తలో పారేయడానికి మనసొప్పలేదు."

కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని కాజాలమ్మ బిక్కచచ్చిపోయింది. చేతులు తీసేసరికి కోడలు నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అత్తయ్యా! అవి రొయ్యలు కాదు, రొయ్యల కుబుసాలు! పాము విడిచినట్టే ఇవీ విడుస్తాయి. ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత చొక్కా విప్పేసి కొత్తది తొడుక్కుంటాయి. కొత్త నీళ్లు పోస్తే మరీ ఎక్కువగా విడుస్తాయి. మీరు పాతిపెట్టింది ఉత్త డొల్లల్ని! ఒక్కటి కూడా చావలేదు!"

"మరి సగం కనబడలేదు కదమ్మా?"

"కొత్త తొడుగు మెత్తగా ఉంటుంది. గట్టిపడేదాకా భయపడి, నాచు అడుగున దాక్కుంటాయి."

కాజాలమ్మ చేతిలోంచి సంచి జారింది. కుర్చీ కోసం తడుముకుంటుంటే కొడుకు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అమ్మా, అయితే నువ్వు విడిచిన చొక్కాలకు అంత్యక్రియలు చేశావన్నమాట" అన్నాడు వాడు. ఈసారి కోడలు కూడా ఆపుకోలేక నవ్వింది. నవ్వు తగ్గాక వచ్చి అత్తగారి మోకాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది.

"నాకు ఫోన్ చేసి ఒక్క మాట అడక్కపోయారా?"

"అడిగితే నా చెయ్యి అలాంటిదని నీకూ తెలిసిపోతుందనుకున్నాను. పెద్దకోడలికి తెలిసిపోయింది. నువ్వొక్కదానివైనా..."

కోడలు ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఏళ్ల తరబడి సూది గుచ్చుకుని వేళ్ల చివర్లు గరుకుగా ఉన్నాయి. "తప్పు నాదత్తయ్యా. చూస్తూ ఉండండి చాలు అని వెళ్లిపోయాను. ఏం చూడాలో చెప్పనే లేదు." తరవాత భర్త వైపు చూసింది. "మీక్కూడా సారీ."

"నాకు సారీ చాలదు. టీ కావాలి" అని వాడు వంటింట్లోకి పోయాడు.

మర్నాడు సెలవు. పొద్దున కోడలు తొట్టిలో కాసిని కొత్త నీళ్లు పోసి, రెండు స్టూళ్లు దగ్గరగా వేసింది. "మీకొకటి చూపించాలి. ఓపికగా కూర్చోవాలి మరి."

"కాజాలు కుట్టినదాన్ని. నాకు ఓపిక నేర్పుతావా?" అంది కాజాలమ్మ. ఆ ఇంట్లో ఆవిడ ఎదురుమాట అనడం అదే మొదలు.

ఇద్దరూ కూర్చున్నారు. వీధిలోని చప్పుళ్లు దూరదూరంగా పోయాయి. బుడగలు పోతూనే ఉన్నాయి. ఒక తల్లి రొయ్య పొట్ట కింద గుడ్లు పెట్టుకుని, కాళ్లతో వాటికి విసనకర్రలా విసురుతూ నిలబడింది. ఎండ నాచు మీంచి ఇసక మీదికి దిగింది.

చాలాసేపటికి నీళ్లలో ఉంచిన ఎండుకొమ్మ మీది రొయ్య ఒకటి పక్కకు ఒరిగింది. మెడ దగ్గర సన్నగా విచ్చుకుంది. ఒక్క కుదుపు కుదిపింది. కాజాలమ్మ రెప్ప వేసేలోగా అక్కడ రెండున్నాయి. ఒకటి గాలిలా తేలిపోతోంది, మీసాలతో సహా తెల్లగా. ఇంకొకటి నీళ్లలో తడిసిన కొత్త పట్టులా ఎర్రగా మెరుస్తూ, గబుక్కున నాచు కిందికి దూరిపోయింది.

"అమ్మ దొంగా" అంది కాజాలమ్మ గుసగుసగా. "బతికే ఉన్నావా!" ఆవిడ చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

కాసేపయ్యాక, "నీ మందారం రంగు సంగతేం చేస్తావమ్మా?" అని అడిగింది.

"మళ్లీ మొదట్నుంచి ఏరుకోవాలి. తెల్లకాళ్లవీ, గోధుమరంగువీ వేరే తొట్టిలోకి తీసెయ్యాలి. వాటి పిల్లల్లో మళ్లీ ఏరాలి, వాటి పిల్లల్లో మళ్లీ. ఏళ్లు పడుతుంది."

"ఏళ్లా?"

"ఊఁ. నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఆ పసివాటి కాళ్ల రంగు నాకు భూతద్దం ఉంటే గానీ తెలియదు. మీకు ఉత్త కళ్లకే కనబడుతుంది."

కాజాలమ్మ తొట్టికేసి మరింత వంగింది. "అదిగో, ఆ మూల రాయి దగ్గరది. దాని వెనక కాళ్లు తెల్లన. ముందు దాన్ని తియ్యి."

కోడలు వల అందుకుంది.

వెనక నుంచి కొడుకు టీ కప్పులు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. పక్కనున్న ఫోను తీసి చేత్తో ఆడిస్తూ, కొంటెగా అన్నాడు. "అమ్మా, నిన్న అన్నయ్యకు ఫోన్ చెయ్యమన్నావు. మరి చెయ్యనా, వద్దా?"

కాజాలమ్మ నీళ్లలోంచి చూపు తిప్పలేదు.

"చెయ్యి. నా కుట్టుమిషను అక్కడే ఉండిపోయింది, పంపించమను."