చీటీలో ఇంగ్లీషు మాట

1955 వేసవిలో ఒక ఉదయం, రెంటచింతల నుంచి వచ్చిన హన్నమ్మ నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ అమరేశ్వరరావు ముందు కూర్చుంది. ఆమె భర్త జీవరత్నం మాస్టారు నాలుగు రోజుల క్రితం క్వారీ గుంటలో శవమై తేలాడు. ఇంట్లో బల్ల మీద ఆయన చేతిరాతతో ఇంగ్లీషు చీటీ దొరికింది: ‘అయామ్ ఎ డెడ్ మ్యాన్.’ పోలీసులు ఆత్మహత్య అన్నారు.

“ఆయన చావాలనుకునే మనిషి కాదయ్యా. ఏసోబుకి ఉరి తప్పించాలని ఆ రోజంతా హైకోర్టుకి ఉత్తరం రాస్తా కూచున్నాడు.”

ఏసోబు ఆ ఊరి పాలేరు. హత్య కేసులో ఉరిశిక్ష పడింది. ఇంకా తొమ్మిది రోజులే గడువు. మాస్టారు రాసిన ఉత్తరం మాత్రం ఇంట్లో లేదు. ఆ రోజు సాయంత్రం తాను ప్రార్థనకు వెళుతుంటే వకీలు గుమాస్తా వెంకట్రామయ్య తమ ఇంటి వైపు వస్తూ ఎదురయ్యాడని హన్నమ్మ చెప్పింది.

అమరేశ్వరరావు, సహాయకుడు మస్తాన్‌రావు రెంటచింతల వెళ్లి చీటీ చూశారు. దాని పైభాగం చిరిగి ఉంది. హెడ్ కానిస్టేబుల్ పున్నయ్యకు ఇంగ్లీషు రాదు. ‘నేను చనిపోతున్నాను’ అని అర్థం చెప్పింది వెంకట్రామయ్యే. మర్నాడు ఉదయం డిటెక్టివ్ ఏసోబు కేసు కాగితాలు చదివాడు. ఆ మర్నాడు అందరినీ మాస్టారి ఇంట్లో కూర్చోబెట్టాడు.

“హత్య చూశానన్న సాక్షి ‘ఏసోబు నన్ను చూసుంటే నా పని అయిపోయేది’ అన్నాడు. వెంకట్రామయ్య గారూ, దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది మీరే. ఏమని రాశారు?”

అమరేశ్వరరావు ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు.

“డెడ్ మ్యాన్ అని రాశారు. ఆ మాట ఎప్పుడు వాడతారో మీకు బాగా తెలుసు. చావాలనుకున్నవాడు వాడే మాట కాదది, ఎవరైనా చంపుతారని భయపడేవాడి మాట. మరి పున్నయ్యకు తప్పు అర్థం ఎందుకు చెప్పారు?”

మస్తాన్‌రావు అమరేశ్వరరావు వైపు మెచ్చుకోలుగా చూశాడు. డిటెక్టివ్ మిగతాది వివరించాడు. ఏసోబు మీద దొంగసాక్ష్యం చెప్పించింది వెంకట్రామయ్య. ఆ సంగతి సాక్షే మాస్టారి దగ్గర ఒప్పుకుని, ‘వెంకట్రామయ్యకు తెలిస్తే నా పని అయిపోయినట్టే’ అన్నాడు. మాస్టారు ఆ మాటనే ఉత్తరంలో ఇంగ్లీషులో రాశాడు. ‘వెంకట్రామయ్యకు తెలిస్తే’ అన్న పై ముక్క చిరిగి ఉత్తరంతో పాటు మాయమై, చివరి మాటలు మాత్రం బల్ల మీద మిగిలాయి.

“సాక్షి నిన్న నాకూ అంతా చెప్పాడు,” అన్నాడు అమరేశ్వరరావు.

వెంకట్రామయ్య ఒప్పుకున్నాడు. “మాట్లాడదామని గుంట దాకా తీసుకుపోయా. ఉత్తరం పంపొద్దని చానా బతిమాలా. ఇనలా. తోసేసినాక తిరిగొచ్చి కాగితాలు తీసుకున్నా.”

హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పున్నయ్య బేడీలు తీశాడు.

ఆ సాయంత్రమే హైకోర్టుకి టెలిగ్రాం వెళ్లింది. ఉరి ఆగింది. చలికాలంలో ఏసోబు విడుదలై ఇంటికొచ్చాడు. కానీ జైల్లో ఉరితీతకు పిలిచే తెల్లవారుజాము వేళకు రోజూ ఉలిక్కిపడి లేచి, గుడిసె బయట నిలబడేవాడు. తెల్లగా తెల్లవారాక భార్య ఎస్తేరు వచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికి నడిచేవాడు.