మీనా అల్లిన పువ్వు

రామతులసి పొద్దున్నుంచి మూడుసార్లు ట్రంకుపెట్టె తీసింది, మూసింది. పొయ్యి మీద పాలు పొంగి బూడిదలో పడ్డాయి. చూసుకోలేదు.

"ఏంటే వెతుకుతున్నావు?" అంది అత్త పాపాయి, అరుగు మీద లేసు అల్లుకుంటూ.

"మీనా లేసండీ. పాతచీరలో చుట్టి పెట్టాను."

పాపాయి చేతిలో సూది ఆగింది.

రామతులసి కూతురు మీనాకుమారి తొమ్మిదేళ్ల పిల్ల. శ్రావణంలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అప్పట్నుంచి రామతులసి సూది పట్టలేదు. అంత నున్నటి లేసు నరసాపురం చుట్టుపక్కల ఇంకెవరూ అల్లలేరని ఆమెకి పేరు. పిల్ల నేర్చుకుంటూ అల్లింది ఒకే ఒక్క పువ్వు. అన్నీ తప్పులే. పొద్దున్నే అది చూస్తేగానీ తల్లికి కాలు నిలవదు.

"మిమ్మల్నేనండీ. చూశారా?"

"ఇవాళ చిట్టియ్య సరుక్కి వస్తాడు కదా. అంచుకి దారం చాల్లేదు. పెట్టెలో తడిమితే ఓ పువ్వు చేతికి తగిలింది. అది నేను పాడుచేసిందే అనుకుని... విప్పేశానమ్మా."

తప్పులు పడిన లేసు విప్పి, దారం ఉండ చుట్టుకోవడం అక్కడ ఇంటింటా ఉన్నదే.

"మీదనుకున్నారా? కళ్లు పోయాయా మీకు?"

"పోతున్నాయే. ఇప్పుడు నేనల్లినవీ అలాగే వస్తున్నాయి. నీకు చెప్పలేదు."

"నా పిల్ల చేతిది అదొక్కటేనండీ మిగిలింది!" రామతులసి గుమ్మంలో కూలబడిపోయింది.

పాపాయి తడుముకుంటూ వచ్చి చిన్న దారపుండ కోడలి ఒళ్లో పెట్టింది. దారం ఇంకా మెలికలు మెలికలుగానే ఉంది.

"పువ్వు నడిమి గుండ్రానికి ఆరు గొలుసు కుట్లెయ్యాలి. మీనా అయిదే వేసింది. ఎందుకో తెలుసా? గేదె ఈనుతోందని మధ్యలో పరిగెత్తింది. దూడని చూసొచ్చి లెక్క మరిచిపోయింది."

"నాకు చెప్పలేదే."

"కొడతావని."

రామతులసి ఉండ వైపే చూస్తూ ఉంది. "మూడో వరసలో ముడి?"

పాపాయి కోడలి పక్కనే చతికిలబడింది. "నువ్వు చేతిమీద కొట్టిన రోజు. ఏడుస్తూ బిగించేసింది."

రామతులసికి ఏడుపు ఆగలేదు. పాపాయి వీపు నిమురుతూ కూచుంది. చాలాసేపటికి కోడలు చెయ్యి చాచింది. "సూది ఇలా ఇవ్వండి అత్తయ్యా. మీరు చెప్పండి. ఎక్కడ ఎలా వేసిందో అలాగే వేస్తాను."

మధ్యాహ్నం లేసులు కొనుక్కెళ్లే చిట్టియ్య సైకిలు దిగాడు. "ఓహో! మళ్లీ సూది పట్టారా, తులసి గారూ!" అంటూ వంగి చూసి, "అదేంటండీ, మీ చేతిలో తప్పు? నడిమిన ఒక గొలుసు తక్కువేశారు" అన్నాడు.

రామతులసి తలెత్తలేదు.

"తప్పు కాదు చిట్టియ్యా," అంది. "అక్కడ మా గేదె ఈనింది."