లీమా నుంచి ఇరవై గంటల నలభై నిమిషాలు

"ఏజెంట్ సెవెంటీన్, నాలుగింటికి జెబ మన చేతికి రావాల. రాకుంటే మనిషి దక్కడు." చీఫ్ రంగనాథం ఫోన్‌లో ఎప్పుడూ ఇంతే, పలకరింపు ఉండదు.

"ఓకే సార్," అన్నాడు ఫణీంద్ర, చెన్నై ఎయిర్‌పోర్ట్ అరైవల్స్ బయట నిలబడి. జెబ ఎన్నూరు పోర్టులో క్రేన్ నడిపే మన మనిషి. ఫారిన్ గ్యాంగ్ కాడ పెన్‌డ్రైవ్ కొట్టేసి దాక్కోనుండాడు. యాడ అనేది ఫణీంద్రకి ఒక్కడికే తెలుసు.

ట్రాలీ తోసుకుంటా సునయన వచ్చింది. నల్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్. పదిహేనేళ్ల కింద ఆమెని డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది ఫణీంద్రే. గ్యాంగ్ బాస్ మీద కన్నేసేదానికి వారం కింద పెరూలోని లీమాకి పంపించినారు.

"అన్నా, చిక్కిపోయినావే. వదిన అన్నం పెట్టలేదా?"

"వదిన పెడతానే ఉంది, చీఫే తిననీడు. జర్నీ ఎట్లుండె?"

"నడుము పోయిందన్నా. పదిహేడు వేల ఐదొందల కిలోమీటర్లు. ఇరవై గంటల నలభై నిమిషాలు. సరే పద, జెబ కాడికి నేనూ వస్తా."

కారు గిండీ దాటినాక ఆ లెక్క ఫణీంద్ర గొంతులో ముల్లు మాదిరి తగులుకునింది. ఆయన లీమాకి రెండుసార్లు పోయొచ్చినోడు. డైరెక్ట్ ఫ్లైట్ లేదు. రెండు చోట్ల దిగాల, మారాల, కుర్చీల్లో కునుకు తీయాల. ముప్పై గంటలు దాటాల్సిందే. ఇరవై గంటల నలభై అనేది ఆన్‌లైన్‌లో రెండు ఎయిర్‌పోర్ట్‌ల పేర్లు కొడితే వచ్చే లెక్క. మ్యాపు మీద గీత గీసి స్పీడుతో భాగించేస్తారు, అంతే.

వ్యాసర్పాడి బంకు కాడ కొబ్బరి బోండాం తాగొస్తానని సునయన దిగింది. హ్యాండ్‌బ్యాగ్ సీట్లోనే వదిలేసింది. అన్న దగ్గరే కదా అని. ఆ నమ్మకమే ఆయన్ని కోసేసింది. జిప్ తీసినాడు. లోపల లోడ్ చేసిన పిస్టల్. ఇప్పుడే విమానం దిగిన మనిషి బ్యాగ్‌లో.

చీఫ్‌కి ఫోన్ కొట్టినాడు. "సార్, సునయన లీమా పోనే లేదు. వారమంతా ఈడే ఉండాది, ఆ గ్యాంగ్‌తో."

"ఆమెకి పూచీ నువ్వే కదయ్యా."

"నేనే సార్. ఎయిర్‌పోర్ట్ నుంచి పచ్చ లారీ ఒకటి మా ఎనకే వస్తా ఉంది."

"లారీ నాకొదిలేయ్. జెబని ఆపు."

జెబకి ఫోన్ లేదు. ఉండేది ఫణీంద్ర వాచీతో కలిపిన బజర్. ఒకసారి మోగితే బయటికి రావాల, రెండుసార్లు మోగితే పారిపోవాల. ఏదీ మోగకుంటే నాలుగింటికి తనే వచ్చేస్తాడు. కిలోమీటర్ దూరం లోపలికి పోతేగానీ అది పనిచేయదు.

ఎన్నూరు రోడ్డు నిండా లారీలే. ఆఖరి రెండు కిలోమీటర్లకి అరగంట పట్టింది. జెబ దాక్కోనుండే ఉప్పుటేటి గట్టు మీదికి చేరేసరికి మూడు యాభైతొమ్మిది.

"బజర్ కొట్టన్నా," అనింది సునయన.

ఒకసారి నొక్కినాడు. ఆమె నవ్వింది. ఇంకోసారి నొక్కినాడు.

పడవల మధ్య మోటార్ చప్పుడైంది. చిన్న పడవొకటి సముద్రం వైపు దూసుకుపోయింది. ఎనక పచ్చ లారీని పోలీస్ జీపులు చుట్టుకున్నాయి.

సునయన పిస్టల్ తీసి ఆయన గుండెకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కేసింది. టిక్ అనింది, అంతే. నొక్కదులే అని ఆ క్షణం దాకా అనుకున్నాడు ఫణీంద్ర. జేబులోంచి ఆరు బుల్లెట్లు తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టినాడు.

బేడీలు పడినాక ఆమె అడిగింది. "ఎట్లా కనుక్కున్నావన్నా?"

ఇంకా అన్నా అనే పిలుస్తా ఉంది.

"నిజంగా లీమా నుంచి వచ్చినోళ్లు గంటలు, నిమిషాలు చెప్పరమ్మా," అన్నాడు ఫణీంద్ర. "ఏ ఎయిర్‌పోర్ట్‌లో కాఫీ చండాలంగా ఉందో చెప్తారు."